సాల్వే పర్రల్లో శీతకాలపు మేత

స్కాట్లాండ్ నైరుతి కొసన, డంఫ్రీస్ ఊరు దాటి నిథ్ నది వెంట దక్షిణంగా వెళ్తే కేర్లావెరాక్ వస్తుంది. నది సాల్వే అనే సముద్రపాయలో కలిసేది ఇక్కడే. నవంబరు ఉదయం కారు దిగుతుండగానే గోల మొదలైంది, వందల కుక్కపిల్లలు ఒక్కసారిగా మొరిగినట్టు. అవి బార్నకిల్ పెద్దబాతులు.

తెల్లటి మొహం, నల్లటి మెడ, బూడిదరంగు వీపు. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో పిల్లల్ని పెంచుకుని, అక్కడ మంచు కమ్మేలోగా దాదాపు 3,000 కిలోమీటర్లు ఎగిరొస్తాయి. వసంతం దాకా ఇక్కడే ఉంటాయి. స్వాల్‌బార్డ్ మంద దాదాపు మొత్తం ఈ ఒక్క తీరాన్నే నమ్ముకుంది. 1940లలో వీటి సంఖ్య 300 దాకా పడిపోయింది. తర్వాత చట్టం వేటను ఆపింది. 1957లో ఈ తీరం జాతీయ ప్రకృతి సంరక్షణ కేంద్రమైంది. పీటర్ స్కాట్ స్థాపించిన వైల్డ్‌ఫౌల్ ట్రస్టు కూడా 1970ల మొదట్లో వచ్చి పక్క పొలాల్ని చేపట్టింది. ఇప్పుడు పక్షులు పదివేలల్లో వస్తున్నాయి.

మట్టికట్టల చాటున వేసిన కాలిబాట చెక్క గదుల దాకా తీసుకెళ్తుంది. మనం నడుస్తున్నట్టు పక్షులకు తెలియదు. ఈ చాటు ఎందుకో ట్రస్టు కార్యకర్త వివరించింది. పెద్దబాతుకు ఆవులా నెమరువేసే కడుపు లేదు. తిన్న గడ్డిలో కొంచెమే ఒంటబడుతుంది కాబట్టి పగలంతా మేస్తూనే ఉండాలి. బెదిరి లేచిన ప్రతిసారీ మేత పోతుంది, ఎగిరినందుకు ఒంట్లో కొవ్వూ కరుగుతుంది. చలి దేశంలో ఇది చిన్న నష్టం కాదు.

గది కిటికీలోంచి చూస్తే పొలాల అవతల పర్ర. పెద్ద పోటు వచ్చినప్పుడు మునిగి, ఆటుకు తేలే చవుడు పచ్చిక. దాన్ని చీల్చుకుంటూ బురద పాయలు, ఆపైన రాత్రిళ్లు పక్షులు సేదతీరే ఇసుక మేటలు. ఇంత పెద్ద పర్రను దాని మానాన వదిలేశారనుకున్నాను. కాదట. ఎండాకాలమంతా పశువుల్ని తోలి మేపుతారు. మేపకపోతే గడ్డి ముదిరి ఎత్తుగా పెరుగుతుంది, పొట్టి ముక్కు బాతుకు లేత చిగురు దొరకదు. ఆవు మేసిన చోటే బాతు మేస్తుంది. పక్షుల కోసం మనుషుల్నీ పశువుల్నీ తరిమేయాలనుకునేవాళ్లు ఈ పర్రను ఒకసారి చూడాలి.

పొరుగు పాడిరైతు ఒకాయన తన కష్టం దాచలేదు. “శీతకాలంలో తింటే తిననీ. ఏప్రిల్‌లో నా ఆవులకని పెంచిన తొలి గడ్డి కూడా వాటికే పోతే నేనేం పెట్టాలి?” 1990ల నుంచి ప్రభుత్వ పథకం కింద, బాతుల్ని తరమకుండా పొలంలో మేయనిచ్చే రైతులకు డబ్బిస్తున్నారు. నష్టమంతా తీరదంటాడాయన. అయినా తరమడు. నాకు మన కొల్లేరు సరస్సు గుర్తొచ్చింది. సరస్సును కాపాడాలని 2006లో అక్కడి చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు బతుకు పోయినవాళ్లకు ముందుగా ఇలాంటి దారి చూపించి ఉంటే, కొంగలకూ మనుషులకూ ఇంత వైరం పెరిగేదా?

2021-22 శీతకాలంలో ఇక్కడ బర్డ్‌ఫ్లూ విరుచుకుపడింది. స్వాల్‌బార్డ్ మందలో దాదాపు మూడోవంతు చనిపోయింది. పోటు నీళ్లు కళేబరాల్ని ఒడ్డుకు తెచ్చి పడేసిన రోజుల గురించి చెప్తూ కార్యకర్త గొంతు పట్టేసింది. మందంతా ఒకే తీరాన కిక్కిరిస్తే రోగానికి అడ్డు ఉండదు. చెదిరి మేయాలంటే ఇంకా చాలా చోట్ల పచ్చిక కావాలి. ఉన్న పర్ర నిలవాలన్నా, సముద్రమట్టం పెరిగేకొద్దీ అది లోపలికి జరగాలి. దాని వెనక ఉన్నవి కట్టలు, రైతుల పొలాలు. ఏ కట్ట వదలాలి, ఎవరి పొలం తడవాలి, దానికి ఎంత ఇవ్వాలి అన్న బేరం నీళ్లు రాకముందే, ఆ పాడిరైతు లాంటివాళ్లను కూర్చోబెట్టుకుని తేల్చుకోవాలి.