చల్లదనము వేరు, గాలి వేరు

రెండు ధర్మములు నిత్యము కలసి కనబడినప్పుడు వాటిని ఒకటిగా భావించుట మనస్సునకు సహజము. కారులోని ఏసీ విషయమున జరుగుచున్నది ఇదే. లోపల చల్లదనము తగ్గిన వెంటనే గ్యాస్ అయిపోయినదనుట పరిపాటి. చల్లదనమును కలిగించునది కంప్రెసరు, దాని వలన ప్రసరించు గ్యాస్. ఆ చల్లదనమును మన వద్దకు చేర్చునది బ్లోయరు ఫ్యాను. ఒకటి చక్కగా పనిచేయుచుండగా రెండవది విఫలము కావచ్చును.

మా మాతృమూర్తికి 81 సంవత్సరములు. వారమునకు రెండు పర్యాయములు డయాలసిస్ నిమిత్తము రాజమహేంద్రవరము తీసికొని వెళ్ళవలెను. తిరుగు ప్రయాణములో రక్తపోటు తగ్గి, వెనుక సీటులో పడుకొని వచ్చుదురు. వైశాఖ మాసపు ఎండలో వెనుకకు గాలి చేరకపోవుట ఆమెకు కేవలము అసౌకర్యము కాదు.

మెకానిక్కు డ్యాష్‌బోర్డు వద్ద చేయి పెట్టి, "గ్యాస్ నింపాలండి పంతులుగారూ" అన్నాడు. తర్కసంగ్రహము చదివిన వారికి హేత్వాభాసములు ఐదని తెలియును. వాటిలో సవ్యభిచారమనగా, సాధ్యము లేనిచోట కూడ కనబడు హేతువు. చల్లగా లేదు కనుక గ్యాస్ లేదనుట అట్టిదే. గ్యాస్ నిండుగా ఉన్నను, గాలి రానిచో చల్లగా ఉండదు కదా! "బాబూ, ముందు ఏసీ ఆపి, ఫ్యాను మాత్రము పూర్తి వేగమున పెట్టి చూడు" అన్నాను. అప్పుడును గాలి నీరసముగానే వచ్చినది. ఏసీయే ఆగి ఉండగా అక్కడ గ్యాసునకు ప్రసక్తి ఏమున్నది?

ఇందొక సూక్ష్మము కలదు. బయలుదేరునప్పుడు గాలి బాగుండి, అరగంటకు క్రమముగా సన్నగిల్లి, ఏసీ ఆపి ఫ్యాను నడిపిన కొంతసేపటికి మరల పుంజుకొన్నచో, లోపలి ఎవాపరేటరుపై మంచు పేరుకొనుచున్నదని ఊహింపవలెను. గ్యాస్ తగ్గుట దానికి ఒక కారణము కావచ్చును. కావున మెకానిక్కు మాట సర్వథా అసంగతమని అనను. పరీక్షకు పూర్వమే నిర్ణయించుట దోషము.

ఫ్యాను చివరి వేగమున మాత్రమే తిరిగినచో ప్రాయికముగా రెసిస్టరు కాలియుండును. గాలి ముఖమునకు రాక అద్దమువైపో పాదములవైపో పోవుచున్నచో, దారి మళ్ళించు లోపలి తలుపు చిక్కుకొని ఉండవచ్చును. మా వాహనమునకు ఇవేవియు కావు.

గ్లవ్ బాక్సు ఊడదీసి క్యాబిన్ ఫిల్టరు వెలికి తీయగా, తెల్లగా ఉండవలసిన మడతలు నల్లబడి, వాటి నడుమ రావి ఆకుల తునకలు, ధూళి గట్టిపడి ఉన్నవి. ఆలయము ముందరి అశ్వత్థము క్రిందనే మా కారు నిలుచును. ఆకులు ముందు అద్దము అడుగున ఉన్న జాలీలో పడును. బయటి గాలి లోనికి ప్రవేశించు ద్వారము అదే. క్రొత్త ఫిల్టరునకు 400 రూపాయలైనవి. దానిపై బాణపు గుర్తు గాలి పోవు దిక్కునకు ఉండవలెను. తొందరలో తలక్రిందులు చేయువారు కలరు. పాతదానిని నీట కడిగి మరల పెట్టువారును కలరు. కాగితపు ఫిల్టరునకు అది తగదు. కొన్ని చౌక రకములలో ఫిల్టరే అమర్చరు. అప్పుడు ధూళి నేరుగా ఎవాపరేటరుపైననే చేరును.

అశ్వత్థపు నీడ విడిచి ఎండలో కారు నిలుపుటయు కుదరదు. కనుక ప్రాతఃకాలార్చన ముగిసిన పిమ్మట జాలీపై ఆకులు చేతితో ఏరివేయుచున్నాను. శిశిరములోనైతే రెండు పూటలా. వెనుక సీటునకు గాలి చక్కగా చేరుచున్నది. అమ్మగారు ఇప్పుడు ఫ్యానును రెండవ అంకె దాటనీయుట లేదు.