రెండు రూపు లొకటియగు వఱకు

దూరమును తామే కొలుచుకొను కెమెరాలు ఇంటింట నున్న ఈ కాలమున, చేతితో కటకమును త్రిప్పవలసిన రేంజ్‌ఫైండర్ ఎందుకని మీరడుగవచ్చును. మా యన్నగారు పంపిన డిజిటల్ లైకాతో ఎనుబది యేండ్ల మా యత్తగారి చిత్రములను దీయుచు మే మెఱిగినంత విన్నవించుచున్నారము.

చూచు గవాక్షము నడుమ చిన్న వెలుగు చదరము కలదు. అందు వస్తువు రెండుగా గన్పట్టును. కటకపు వలయమును త్రిప్పగా రెండును కలిసినచో దూరము కుదిరినట్లు. 1932 నాటి రెండవ లైకాలోను సూత్ర మిదియే. రూపములు ప్రక్కప్రక్కలకు జరుగును గావున నిలువు గీతను, కళ్లజోటి ప్రక్క యంచువంటిదానిని, గుఱిగా గొనుట మేలు. కటకద్వారమును పూర్తిగా దెఱచి దగ్గఱనుండి తీసినచో ముక్కుపుడక తేటపడి కన్నులు మసకబాఱును. అంగుళము తేడాయే చాలును.

కనుచూపు తగ్గినవారికి తగిన అద్దమును, రూపమును పెంచి చూపు 1.4 రెట్ల భూతద్దమును గవాక్షమునకు బిగింపవచ్చును. 2012లో ప్రకటింపబడిన 'ఎమ్' మొదలు వెనుకటి తెరపై రూపమును పెంచి చూచుటయు, తేటపడిన యంచులపై రంగుగీతలు మెఱయుటయు వచ్చినవి. అయితే ఆ గీతలు చీర జరీయంచుపైనను మెఱయును. అవి తేటదనమును జూపునే కాని మన మెవరి కన్నులను నిలుపగోరితిమో యెఱుగవు.

కావున ముందుగా స్తంభముపైనను, తులసికోట యంచుపైనను చేయి సాధన చేసికొనుడు. పెద్దలు మనకొఱకు కదలక కూర్చుండు ఘడియలు కొన్నియే. వానిని మన తడబాటున కర్పింపరాదు.