నానమ్మ దగ్గర నలభై రోజులు

వేసవి సెలవుల్లో ఏం చేశారో గోడపత్రికకి రాయమన్నారు తెలుగు మాస్టారు. అందరూ సంత, పెళ్ళి, మామిడిపళ్ళు రాశారు. నేను మా నానమ్మ గురించి రాస్తున్నాను.

మా ఊరు పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఉంది. ఊరిదాకా రోడ్డు లేదు. సంక్రాంతి అయ్యాక ఒక పొద్దున్న నానమ్మకి పక్షవాతం వచ్చింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అక్కడి నుంచి 108 బండి. ఆసుపత్రికి వెళ్ళేసరికి సాయంత్రం అయిపోయింది. మెదడుకి నెత్తురు పోయే నాళంలో గడ్డ అడ్డం పడితే, కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపే వెయ్యాలట. ఆ టైము దాటిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. "గుంటా" అనే ఒక్క మాట మిగిలింది. ఆకలేసినా గుంటా, నొప్పెట్టినా గుంటా.

సెలవులకి నేను వెళ్ళాక అమ్మ అడ్డాకులకి అడవికి, నాన్న కూలికి పోయేవారు. నానమ్మ పని నాది. నర్సమ్మ వచ్చి అన్నీ చెప్పింది. రెండు గంటలకి ఒకసారి పక్క తిప్పాలి, లేకపోతే వీపు, తుంటి, మడమల దగ్గర పుండ్లు పడతాయి. కూర్చోబెట్టే తినిపించాలి, లేకపోతే పొలమారుతుంది. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. పడిపోయిన చెయ్యి, కాలు రోజూ మెల్లగా మడిచి చాపాలి, లేకపోతే బిగుసుకుపోతాయి. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. మా ఇంట్లో రాయడం వచ్చింది నాకే.

చోడి అంబలి చెంచాతో పట్టేదాన్ని. గుడ్డలు గెడ్డలో ఉతికేదాన్ని. మొదట్లో ఆ వాసనకి అన్నం తినలేకపోయాను. నిజమే రాస్తున్నాను, తిట్టకండి. ఒక మధ్యాహ్నం గుంటా గుంటా అని పిలుస్తుంటే "ఊరుకో ముసలీ" అని అరిచేసి, అరుగు మీద నిద్రపోయాను. లేచేసరికి పొద్దు వాలిపోయింది. నానమ్మ తడి గుడ్డల్లోనే ఉంది. తుంటి ఎర్రగా కమిలిపోయింది. నాకేసి చూసింది గాని గుంటా అనలేదు. అప్పుడు నాకు బాగా ఏడుపొచ్చింది. ఆ ఎరుపు తగ్గేదాకా ఆ పక్కకి పడుకోబెట్టలేదు.

తర్వాత ఒకరోజు నానమ్మ ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తనే అంబలి తాగింది. సగం చీర మీదే పోసుకుంది. ఇద్దరం నవ్వుకున్నాం. పరీక్షలో ఫస్టు వచ్చినప్పుడు కూడా నాకంత సంతోషం లేదు.

సెలవులు అయిపోతుంటే నాన్న "గుంట ఇక్కడే ఉంటాది. ముసలమ్మకి దీని చెయ్యి అలవాటయిపోనాది" అన్నాడు. నాకు భయమేసింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, "సంక్రాంతి కాణ్ణించి ఎవులు చేసినారు? నేను కాదా? గుంట సదువుకి ఎల్తాది. రేత్రి నువ్వు తిప్పు" అంది. అప్పుడు తెలిసింది. అమ్మ ఇదంతా చేసి, వంట చేసి, అడవికి కూడా పోయేది. దాన్ని పని అని ఎవరమూ అనలేదు. నేనూ అనలేదు.

వచ్చే ముందు గోడ మీద బొగ్గుతో బొమ్మలు గీశాను. పొద్దు పొడిస్తే తలుపు వైపు, నెత్తి మీదకి వస్తే గోడ వైపు. నాన్నకి, తమ్ముడికి చూపించాను.

స్నేహితులారా, మీ ఊళ్ళో ఎవరికైనా మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, రేపు చూద్దాం అనకండి. వెంటనే 108కి చెప్పండి.

వార్డెన్ మేడమ్ గారూ, ఆదివారం ఫోనులో నాకు ఇంకో రెండు నిమిషాలు ఇవ్వండి. అమ్మ నానమ్మ చెవి దగ్గర ఫోను పెడుతుంది. నానమ్మ గుంటా అంటుంది. అది ఆకలో, నొప్పో, ఊరికే పిలిచిందో తెలుసుకునేసరికి టైము అయిపోతోంది.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి చెల్లి