కొండ దిగొచ్చే అడ్డాకు

అనకాపల్లి అంటే అందరికీ బెల్లం మార్కెట్టే. నాకు మాత్రం చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కే రోడ్డు గుర్తొస్తుంది. ఆ పైన దశాబ్దాల తరబడి తుపాకుల మధ్య బతికిన ఊళ్లున్నాయి. మావోయిస్టులకు అన్నం పెడితే పోలీసుల అనుమానం, పోలీసులతో మాట్లాడితే ఇన్‌ఫార్మరన్న ముద్ర. మగవాడు అడవిలోనో జైల్లోనో ఉన్న ఇంట్లో పోడు, పిల్లలు, అప్పు అన్నీ ఆడమనిషి మీదే.

ఆమె నిలదొక్కుకునేది సంతలోనే. అడ్డాకు మీద అడ్డాకు సగం కప్పి, వెదురు పుల్ల గుచ్చి, మిగిలిన ముక్క తుంచేసి, విస్తరిని ఇంకో రవ్వంత తిప్పుతుంది. చింతపండు పిక్క తీస్తుంది. పసుపు ఉడకబెట్టి ఎండేస్తుంది. కాఫీ చెట్టున ఎర్రబడ్డ పళ్లే ఏరి కోస్తుంది. ధర చెప్పే హక్కు చేతికొస్తే ఇదంతా ముమ్మాటికీ వ్యాపారమే. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, పొదుపు సంఘాలు అందుకు కొంత దన్ను. అవి చేరని చోట దళారి చెప్పిందే ధర.

అయితే న్యాయం సంగతి పక్కనపెట్టి, రుణమిచ్చి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోలేను. 2007 ఆగస్టులో ఆ కొండల్లోని వాకపల్లిలో, మావోయిస్టుల ఏరివేతకు పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. దాదాపు 16 ఏళ్లు! ఆ ఆడవాళ్లకు కాఫీ మొక్కలూ ఇవ్వాలి, దర్యాప్తును అలా వదిలేసినవాళ్లు జవాబూ చెప్పాలి.