మాయాశశిరేఖ ముస్తాబు

వేషం కట్టడం మన తెలుగువారికి కొత్త కాదు. పండగ రోజుల్లో పగటివేషగాళ్ళు ఇంటింటికీ వచ్చేవారు. సురభివారు 1885 నుంచి తరతరాలుగా నాటకాలాడుతూనే ఉన్నారు. అయితే వేషం వేసినవాడే టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళే సంబరం ఒకటుందని మన సంఘంలోని పెద్దలు చాలామంది విని ఉండరు. దాని పేరు కామిక్ కాన్. బొమ్మల కథలూ, మాయలూ మంత్రాలూ, భవిష్యత్తులో జరిగే వింతల కథలూ ఇష్టపడేవారంతా ఒకచోట చేరతారు. తమకిష్టమైన పాత్రలాగా తయారై వస్తారు. అలా రావడాన్ని కాస్‌ప్లే అంటారు.

దీనికీ ఒక చరిత్ర ఉంది. 1939లో న్యూయార్కులో సైన్సు కల్పనా కథల అభిమానుల ప్రపంచ సమావేశం మొదటిసారి జరిగింది. దానికి ఫారెస్ట్ ఆకెర్మన్ అనే యువకుడూ, మర్టిల్ డగ్లస్ అనే ఆవిడా ఒక సినిమాలోని భవిష్యత్తు మనుషుల్లాంటి దుస్తుల్లో వచ్చారు. ఇద్దరి బట్టలూ కుట్టింది ఆవిడే. మన దేశంలో కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలైంది. హైదరాబాదుకు 2013లో వచ్చింది. మన చెన్నపట్నానికి మాత్రం 2024 ఫిబ్రవరిలో గాని రాలేదు. నందంబాక్కం ట్రేడ్ సెంటర్లో జరిగింది. మరుసటి ఏడు, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అక్కడే జరిగినప్పుడు మా అమ్మాయి వెళ్ళింది. నేను రాయబోయేది ఆ ప్రయాణానికి ముందు మా ఇంట్లో రెండు నెలలపాటు సాగిన హడావిడి గురించి.

మా అమ్మాయి చెన్నైలోనే పుట్టింది. బడిలో తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతుంది కాని అక్షరం ముక్క రాదు. తన స్నేహితులంతా జపాను బొమ్మల కథల్లోని వీరుల వేషాలు అనుకున్నారు. తను మాత్రం మాయాశశిరేఖ అంది.

మాయాశశిరేఖ అంటే శశిరేఖ కాదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. 1957 మార్చిలో విడుదలైన ‘మాయాబజార్’లో సావిత్రి ఆ వేషం వేసింది. పైకి పెళ్ళికూతురు, లోపల ఎస్.వి. రంగారావు. సిగ్గుపడుతూ సిగ్గుపడుతూ ఉన్నట్టుండి రాక్షసుడి ఠీవితో ఛాతీ విరుచుకునేది. మా అమ్మాయి ఆ సినిమా దాకా వెళ్ళింది 2018లో వచ్చిన ‘మహానటి’ ద్వారా. అందులో కీర్తి సురేష్ ఆ ఘట్టాన్ని మళ్ళీ నటించి చూపింది కదా. “వేషంలో ఇంకో వేషం నాన్నా! కాస్‌ప్లే అంటే ఇదే కదా!” అంది.

మా ఆవిడ రెండు సందేహాలు వెలిబుచ్చింది. ఒకటి, రాకెట్ల కథలవాళ్ళ సంతలో పురాణ వేషమేమిటని. రెండోది అసలైన సందేహం. “నువ్వెవరో అక్కడ ఒక్కరికైనా తెలుస్తుందా? స్పైడర్‌మాన్ వేషం వేసినవాడి చుట్టూ జనం మూగుతారు. నిన్ను పెళ్ళికి దారితప్పి వచ్చిన పిల్లనుకుంటారు.”

మొదటిదానికి అమ్మాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. మూత తెరిచి చూస్తే చూసేవారికి ఏది ప్రియమో అది కనబడుతుంది. శశిరేఖకు దూరాన ఉన్న అభిమన్యుడు కనబడి పలుకుతాడు. అది వీడియో కాల్ కాక మరేమిటంది. ఎక్కి నిలుచుంటే నిజం కక్కించే సత్యపీఠం కూడా ఆ సినిమాలోనే ఉంది. నేనూ ఒక మాట అందించాను. మాయాబజార్‌కు కె.వి. రెడ్డిగారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారే 1991లో కాలయంత్రం కథతో ‘ఆదిత్య 369’ తీశారు. ‘మహానటి’ తీసిన నాగ్ అశ్విన్ 2024లో అశ్వత్థామను భవిష్యత్తులోకి తెచ్చి ‘కల్కి 2898 ఏడీ’ తీశాడు. మనవాళ్ళకు పురాణానికీ యంత్రానికీ మధ్య పెద్ద గోడ ఎప్పుడూ లేదు.

రెండో సందేహం మాత్రం అంత తేలిగ్గా తీరేది కాదు. అమ్మాయి మొహం కాస్త చిన్నబోయింది. ఏ వేషమూ ఒక్కడికోసం వేసుకునేది కాదు. ఎదుటివాడు గుర్తుపట్టి నవ్వినప్పుడే అది పూర్తవుతుంది. రోజంతా నిలబడి “నేను ఫలానా” అని పరిచయం చేసుకోవడం ఇరవయ్యేళ్ళ పిల్లకు చిన్నతనంగానే ఉంటుంది. అప్పుడు తనకు ఒక సంగతి చెప్పాను. ఆ సినిమా తయారైంది మన వడపళనిలో, వాహినీ స్టూడియోలో. ఇవాళ తను స్నేహితులతో తిరిగే విజయా మాల్ ఉన్నది ఆ నేలమీదే. పైగా దాన్ని తమిళంలోనూ అదే ఏడు తీశారు. అభిమన్యుడు అక్కడ అక్కినేని కాదు, జెమినీ గణేశన్. కథానాయిక పేరు శశిరేఖ కాదు, వత్సల. కాని సావిత్రి సావిత్రే, రంగారావు రంగారావే. అంటే ఈ ఊళ్ళో గుర్తుపట్టగలవారు తెలుగువాళ్ళు మాత్రమే కానక్కరలేదు. ఆ మాటతో పిల్ల కుదుటపడింది.

పని మొదలైంది. బాంకు ఉద్యోగిని గనక జమాఖర్చుల పుస్తకం నా చేతికిచ్చారు. మైలాపూరులో భరతనాట్యం నగలమ్మే దుకాణాల్లో పాపిడిబిళ్ళ, చెంపస్వరాలు, వంకీలు, వడ్డాణం, సూర్యుడు, చంద్రుడు దొరికాయి. సవరం, జడకుప్పెలు మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి వచ్చాయి. జరీ అంచు కోసం ప్యారీస్ వైపు సందులన్నీ తిరిగాం. పదునైన వస్తువులు, నిజం ఆయుధాలు లోపలికి రానివ్వరని తెలుసు గనక పెట్టెను కూడా చెక్కతో కాక ఫోమ్ షీటుతో చేయాలని తనే నిర్ణయించింది. ఫోమ్ ముక్కలు కోయడం, వేడి జిగురుతో అతకడం, అంచులు అరగదీయడం, పైన బంగారు రంగు పూయడం. మా భోజనాల బల్ల మూడు వారాలు కార్ఖానా అయింది. మేము కింద కూర్చునే తిన్నాం.

చిక్కు రంగు దగ్గర వచ్చింది. మాయాబజార్ నలుపు తెలుపుల సినిమా. ఆ రోజుల్లో బట్ట రంగు ఎంచేది కంటికోసం కాదు, కెమేరా కోసం. తెరమీద తెల్లగా కనబడినది అసలు తెలుపో కాదో చూసి చెప్పలేం. 2010లో ఆ సినిమాకు కంప్యూటర్లతో రంగులద్ది విడుదల చేశారు. అమ్మాయి దాన్ని చూసి అదే రంగు బట్ట తెస్తానంది. కాస్‌ప్లే చేసేవాళ్ళకు అచ్చుగుద్దినట్టుండటం చాలా ముఖ్యమట.

అంతవరకు మాట్లాడకుండా కూర్చున్న మా అమ్మ అడ్డుపడింది. “ఆ రంగు కాదే. చిలకపచ్చ.”

మా అమ్మ నెల్లూరులో ఆ సినిమా చూసేనాటికి పదకొండేళ్ళ పిల్ల. నలుపు తెలుపు సినిమాలో చిలకపచ్చ ఎలా కనబడిందమ్మా అని అడిగాను. “నాకు కనబడింది” అంది, అంతే. తర్వాత నెమ్మదిగా మనవరాలికి చెప్పింది. ఆ ఏడు పండక్కి వాళ్ళ నాన్న కొన్న పరికిణీ చిలకపచ్చదట. దాన్ని కట్టుకునే సినిమాకు వెళ్ళిందట. ఇంటికొచ్చి తలుపు వేసుకుని అద్దం ముందు ఘటోత్కచుడిలా నవ్విందట. వాళ్ళమ్మ చూసి, ఆడపిల్ల అలా నవ్వకూడదని వీపుమీద ఒకటి వేసిందట. అరవై ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి అది.

అమ్మాయి రెండు రోజులు ఆలోచించింది. కంప్యూటర్ వేసిన రంగు చూసినవాళ్ళు తప్పు పట్టవచ్చు. నాయనమ్మ చూసిన రంగుకు సాక్ష్యం లేదు. చివరికి చిలకపచ్చ బట్టే కొన్నారు. ఖర్చు పుస్తకంలో రాసింది నేనే.

ఇక నడక. ముస్తాబు ఎంత బాగున్నా నడక కుదరకపోతే అది ఉత్త శశిరేఖే అవుతుంది. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవలేని మా అమ్మ కూర్చున్నచోటు నుంచే పాఠం చెప్పింది. ముందు తల వంచి మూడడుగులు. నాలుగో అడుగు ధనాలున పడాలి. భుజం వెనక్కి పోవాలి, గడ్డం పైకి లేవాలి, కుడిచెయ్యి మీసం దాకా వెళ్ళి, మీసం లేదని గుర్తొచ్చి, జడ సవరించుకోవాలి. పిల్ల నవ్వు ఎలా ఉండాలో తేలక తికమకపడుతుంటే అమ్మ తనే నవ్వి చూపింది. కింది వాటాలోని తమిళ మామిగారు కంగారుగా పైకి వచ్చారు. విషయం తెలిసి, “మాయాబజారా!” అంటూ ఆవిడా కూర్చున్నారు. గుర్తుపట్టే మనిషి మా మెట్ల కిందే ఉన్నట్టు అప్పుడు తెలిసింది.

చివరగా పెట్టె మీద పేరు. ఇంగ్లీషులో రాస్తే సరిపోతుందని స్నేహితురాలు అంది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. నాయనమ్మ పలక మీద రాసిచ్చింది. ప్రి, య, ద, ర్శి, ని. ఆ ‘ర్శి’ దగ్గర నాలుగు కాగితాలు చింపింది. అయిదో కాగితం మీద కుదిరింది. సన్నకుంచెతో మూతమీద తనే దిద్దింది. లోపల మా పాత ట్యాబ్ అమర్చాం.

నందంబాక్కంలో ఆ రోజు కొందరు ఎవరి వేషమని అడిగారట, కొందరు అడక్కుండానే ఫోటో తీసుకున్నారట. కూతురిని తీసుకొచ్చిన ఒక పెద్దాయన మాత్రం నాలుగో అడుగు పడగానే “ఘటోత్కచన్!” అని అరిచాడట. మధ్యాహ్నం అమ్మాయి పెట్టె మూత తెరిచి ఇంటికి వీడియో కాల్ చేసింది. చుట్టూ మూగిన పిల్లలకు లోపల మా అమ్మ కనబడింది. నవ్వమంటే నవ్వింది కూడా.

ఇప్పుడు మా అమ్మాయికి ఆ అయిదక్షరాలు ఎక్కడ కనబడినా తెలుస్తాయి. మిగిలినవాటికి తొందర లేదు. వచ్చేసారి ‘పాతాళభైరవి’లోని నేపాళ మాంత్రికుడి వేషం వేస్తుందట. ఆ సినిమా వచ్చిన 1951లో మా అమ్మకు అయిదేళ్ళు, సరిగ్గా గుర్తులేదంటోంది. మన సంఘ సభ్యుల్లో దాన్ని ఆనాడే తెరమీద చూసిన పెద్దలెవరైనా ఉంటే, వారి కంటికి ఆ మాంత్రికుడి అంగీ ఏ రంగులో కనబడిందో మా ఇంటికి కబురు చేయ ప్రార్థన.