ఎనిమిది బటన్లల్ల మూడే మిగిలినయ్



తిరుమలగిరిలో మా రూములో ఉన్న పైపుల సామాను ఫోటో చూసి చానామంది అడిగిండ్రు, "ఏందన్నా అది?" అని. అది యోక్. చిన్న విమానాల్లో పైలట్ చేతిలో ఉండే స్టీరింగ్. తిప్పితే విమానం పక్కకు ఒరుగుతుంది, తన దిక్కు లాగితే ముక్కు లేస్తుంది, ముందుకు నూకితే దిగుతుంది. కంప్యూటర్‌లో ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటర్ నడపడానికి మేమే తయారు చేసుకున్నం.

మాలో ఒకరి చెల్లె ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. పైలట్ అవుతానంటోంది. 2019లో ఒడిశా మల్కన్‌గిరి ఆదివాసీ బిడ్డ అనుప్రియా లక్రా పైలట్ అయిన వార్తను ఫోన్‌లో దాచుకుంది. వాళ్లమ్మకు మాత్రం ఇంకో వార్త గుర్తుంది. 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ చనిపోయిన వార్త. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి, ఖర్చు లక్షల్లో ఉంటది. మా సిమ్యులేటర్ మీద గడిపిన గంట ఒక్కటి కూడా అందులో లెక్కకు రాదు. కానీ అప్పు చేసే ముందు, ఈ పని ఆమెకు కుదురుతదా లేదా చూద్దామనుకున్నం.

చక్రం ఎంత తిరిగిందో కంప్యూటర్‌కు చెప్పేది పొటెన్షియోమీటర్. అంటే రేడియోలో వాల్యూమ్ తిప్పే పార్ట్. మొదటి దెబ్బ అక్కడే తిన్నం. రిపేరు షాపులో అడిగితే ఏ10కే అని రాసి ఉన్నవి ఇచ్చిండ్రు, చూడకుండా బిగించినం. చక్రం నడుమ ఉన్నప్పుడు 0 నుంచి 1023 వరకు ఉండే లెక్కలో 512 దగ్గర చూపాలి. మాకు 130 చూపింది. ఒక దిక్కు ఎంత తిప్పినా విమానం కదలదు, ఇంకో దిక్కు కొంచెం తిప్పితే పల్టీ. తర్వాత తెలిసింది, ఏ రకం చెవి కోసం చేసినది, మొదట మెల్లగా, చివర్లో ఒక్కసారిగా పెరుగుతది. మనకు కావాల్సింది బీ10కే, తిప్పినంతే మారే రకం. మీరు కొనేటప్పుడు ఆ ఒక్క అక్షరం చూడండి.

లాగుడుకు, నూకుడుకు టేబుల్ డ్రాయర్ ఛానల్ వాడినం. రెండో పాట్‌కు పచ్చడి సీసా మూత బిగించి దానికి దారం చుట్టినం. మూత అడ్డం ఆరున్నర సెంటీమీటర్లు, చుట్టుకొలత ఇరవై. యోక్ 15 సెంటీమీటర్లు కదిలితే మూత ముప్పావు చుట్టు తిరుగుతది, పాట్ కూడా అంత తిరగగలదు. చేయి వదిలితే నడుమకు రావడానికి రెండు దిక్కులా సైకిల్ ట్యూబ్ ముక్కలు కట్టినం. బోర్డు మాత్రం ఆర్డుయినో ఊనో తీసుకోకండి, ప్రో మైక్రో తీసుకోండి. దాన్ని కంప్యూటర్ నేరుగా జాయ్‌స్టిక్ లాగా గుర్తిస్తుంది.

ఇక బటన్లు. ఉత్సాహంలో ఎనిమిది పెట్టినం. చెల్లె వారం రోజులు నడిపి అడిగింది, "అన్నా, నేను నేర్చుకునేది సెస్నా 172. దాని చక్రాలు లోపలికి ముడుచుకోనే ముడుచుకోవు గదా, మరి చక్రాల బటన్ ఎందుకు?"

మా దగ్గర జవాబు లేదు. అప్పుడు కూర్చొని కాగితం మీద రాసుకున్నం. పైలట్ ఎడమ సీట్లో ఉంటే ఎడమ చేయి యోక్ మీద, కుడి చేయి థ్రాటిల్ మీద. ఫ్లాప్స్ కుడి చేతి పని, రడ్డర్ కాళ్ల పని. అంటే యోక్ మీద ఉండాల్సినవి ఎడమ చేయి తీయకుండా నొక్కాల్సినవే. అవి మూడు తేలినయ్. బొటనవేలికి ట్రిమ్ పైకి, కిందికి రెండు (చేతి మీద పడే బరువు తగ్గించేది ట్రిమ్), చూపుడు వేలికి మాట్లాడే బటన్ ఒకటి. మిగతా ఐదు పీకేసి ఆ పనులు కీబోర్డుకు ఇచ్చినం.

మూడూ కాలింగ్ బెల్ రకమే కావాలి, లైట్ స్విచ్ రకం వద్దు. విమానం రేడియోలో ఒకరు బటన్ నొక్కి ఉంచితే అదే లైన్ మీద ఇంకొకరు మాట్లాడలేరు. వేలు తీయంగనే ఆగాలి.

నిజానికి సిమ్యులేటర్ నడపడానికి ఆ మాట్లాడే బటన్ అవసరం లేదు. చెల్లెకు అవసరం. లైసెన్స్‌కు రేడియోలో మాట్లాడే ఆర్‌టీఆర్ పరీక్ష కూడా పాస్ కావాలి, అది ఇంగ్లీష్‌లో ఉంటది. ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు, ఇంటర్‌లో ఇంగ్లీష్ పుస్తకం. చదివితే అర్థమైతది, నలుగురి ముందు నోరు లేవదు. మనలో ఎంతమందిమి ఇట్ల లేము?

అందుకే ఆ బటన్‌కు చిన్న ఎర్ర లైటు పెట్టినం. ఒకరం వరండాలో ఫోన్ పట్టుకొని టవర్ అయ్యేది, ఆమె లోపల ఇయర్‌ఫోన్ పెట్టుకొని పైలట్. "రన్‌వే జీరో నైనర్, క్లియర్డ్ ఫర్ టేకాఫ్" అంటే అదే మాట తిరిగి చెప్పాలి. మొదటి నాలుగు రోజులు ఎర్ర లైటు వెలిగేది, మాట వచ్చేది కాదు. ఐదో రోజు సగం చెప్పి ఆగింది. మేం నవ్వలేదు, దిద్దలేదు, మళ్లీ చెప్పమన్నం అంతే. ఇప్పుడు మేం తప్పు చెబితే తనే ఆపి అడుగుతోంది.

మొన్న వాళ్ల నాయిన మార్కెట్‌కు వడ్లు తెచ్చి రూముకు వచ్చిండు. చానాసేపు చూసి, యోక్ పట్టుకొని, చూపుడు వేలితో బటన్ నొక్కిండు. ఏం మాట్లాడాలో తెలవక "రామ్ రామ్" అన్నడు. వరండాలో టవర్ నుంచి చెల్లె గొంతు వచ్చింది, "రామ్ రామ్ బాపూ, గో అహెడ్."

రడ్డర్ పెడల్స్ ఇంకా చేయలేదు. పాత కుట్టు మిషన్ పెడల్ ఎవరింట్లోనైనా మూలన పడి ఉంటే చెప్పండి, మేమే వచ్చి తీసుకుపోతం.