రబ్బరు బిళ్ళ, లర్గన్ పిల్ల

మా ఊరి పేరు నేస్. ఇంగ్లీషు అక్షరాలు చూసిన వాళ్ళంతా "నాస్" అనే చదువుతారు. ఇండియా నుంచి ఫోన్ చేసే మా బాబాయి ప్రతిసారీ "నాసులో చలెలా ఉందిరా?" అంటాడు. దిద్దడం మానేసి చాలా కాలమైంది. కిల్డేర్ కౌంటీకి ముఖ్యపట్టణం, 2022 జనాభా లెక్కల ప్రకారం 26 వేల పైచిలుకు జనం, డబ్లిన్ నుంచి కార్లో ముప్పావుగంట. గుర్రప్పందేలకి పేరున్న ఊరు. ఇక్కడ హాకీ అంటే మన ధ్యాన్ చంద్ ఆడిన హాకీయే. మా అమ్మాయి స్కూల్లో ఆడేదీ అదే. వెనకాల, డిఫెన్సులో ఉంటుంది.

టొరంటో దగ్గరుండే మా బావమరిదికి మాత్రం హాకీ అంటే ఐసు మీద ఆడేది. వాళ్ళ పన్నెండేళ్ళ పిల్లని తెల్లవారుజామున అయిదింటికి రింకులో దింపి, చేతిలో కాఫీతో వణుకుతూ నాకు ఫోన్ చేస్తుంటాడు. మొన్నామధ్య ఒకసారి, "బావా, మీ ఐర్లండులో పుట్టినావిడే ఇక్కడ ఆడవాళ్ళ హాకీలో పెద్ద పేరట, తెలుసా మీకు?" అన్నాడు. తెలీదు. సరే చూద్దామని కూర్చుంటే రాత్రి ఒంటిగంట అయింది. అదండీ ఈ టపా పుట్టుక.

ఆవిడ పేరు జెరల్డీన్ హీనీ. 1967 అక్టోబర్ 1న లర్గన్ అనే ఊళ్ళో పుట్టింది. అంటే మా ఐర్లండు కాదు, పైనున్న ఉత్తర ఐర్లండు. ఈ తేడా ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చెప్పాలి లెండి. చిన్నప్పుడే వాళ్ళ కుటుంబం కెనడా వెళ్ళిపోయి, ఒంటారియోలో వెస్టన్ అనే చోట స్థిరపడింది. పదమూడో ఏట టొరంటో ఏరోస్ అనే క్లబ్బులో చేరింది. అదే క్లబ్బుకి పద్ధెనిమిది సీజన్లు ఆడింది. మూడేళ్ళకోసారి కంపెనీ మారకపోతే ఏదో జబ్బు చేసినట్టు చూసే మా కన్సల్టెంట్ల లోకంలో ఇది వింతే మరి.

ఐస్ హాకీ చూడని వాళ్ళకి రెండు ముక్కలు. గోల్ కీపరుతో కలిపి జట్టుకి ఆరుగురు. బంతి ఉండదు, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఇరవై నిమిషాల భాగాలు మూడు. గోలు కొట్టిన వాళ్ళకే కాదు, దానికి ముందు పాస్ అందించిన వాళ్ళకి కూడా లెక్కలో ఒక పాయింటు రాస్తారు. దాన్నే అసిస్ట్ అంటారు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ఆడవాళ్ళకి మొట్టమొదటి అధికారిక ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది 1990లో, ఒట్టావాలో. సొంత దేశంలో జరుగుతున్న ఆటకి కెనడా అమ్మాయిలకి ఎలాంటి జెర్సీలు ఇచ్చారో తెలుసా? గులాబీ రంగువి! ఎర్ర మేపులాకు జెర్సీ దేశమంతా పూజించే చోట, జనం కళ్ళు ఇటు తిప్పడానికి వేసిన ఎత్తు అది. ఆ గులాబీ జెర్సీతోనే అమెరికాతో ఫైనల్లో హీనీ విజయం తెచ్చిన గోలు కొట్టింది. డిఫెండర్ అయ్యుండి ముందుకు దూసుకెళ్ళి, పక్‌ని గోల్లోకి పంపి, అదే ఊపులో గాల్లోకి లేచింది. 1970లో బాబీ ఆర్ గోలు కొట్టి గాల్లో తేలిన ఫోటో ఒకటి ఆ దేశంలో చాలా ప్రసిద్ధం. చూసిన వాళ్ళందరికీ అదే గుర్తొచ్చింది. కెనడా 5-2తో గెలిచింది. తరువాత జెర్సీ రంగు గురించి మాట్లాడిన వాళ్ళు తక్కువే అయ్యుంటారు.

1990 నుంచి 2001 దాకా జరిగిన ఏడు ప్రపంచ ఛాంపియన్‌షిప్పులూ ఆవిడ ఆడింది. ఏడింటా బంగారమే. 1992లోనూ, 1994లోనూ ఉత్తమ డిఫెండర్ కూడా ఆవిడే. అన్నీ ఇలాగే సాగిపోతే నేను ఇంతసేపు కూర్చునేవాణ్ణి కాదు. 1998లో నగానోలో ఆడవాళ్ళ ఐస్ హాకీని మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టారు. ప్రపంచమంతా చూసిన మొదటి ఫైనల్ అదే. అందులో అమెరికా చేతిలో 3-1తో ఓడారు. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు. మానేసినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మానలేదు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌కి ముందు ఆ సీజన్లో అమెరికాతో ఆడిన ఎనిమిది మ్యాచ్‌లూ కెనడా ఓడిపోయింది. తొమ్మిదోది ఒలింపిక్ ఫైనల్. 3-2తో గెలిచారు. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో ఆ పతకం మెళ్ళో వేసుకుని, ఆట నుంచి తప్పుకుంది.

దేశం తరఫున మొత్తం 125 ఆటలు. 27 గోళ్ళు, 66 అసిస్టులు. అంటే తను కొట్టినదానికి రెండింతల కన్నా ఎక్కువ పక్కవాళ్ళ చేత కొట్టించింది. ప్రొడక్షన్ సపోర్టులో ఏళ్ళు గడిపిన వాణ్ణి కనుక ఈ అంకెలు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా పనికి అసిస్టులు రాసే పుస్తకం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కదా!

2008లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి మొదటిసారి ఆడవాళ్ళని తీసుకుంది. ఆ ముగ్గురిలో ఈవిడ ఒకరు. ఏంజెలా జేమ్స్, కామీ గ్రనాటో మిగతా ఇద్దరు. టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ 2013లో చేర్చుకుంది. ఆటగత్తెల్లో అక్కడికి చేరిన మూడో మనిషి.

ఇదంతా మా ఇంట్లో చెప్పాలని ఎందుకు తహతహలాడానంటే, దానికో కారణం ఉంది. మా అమ్మాయికి లీవింగ్ సర్ట్ దగ్గర పడుతోంది. మన ఇంటర్, ఎంసెట్ కలిపి ఒకేసారి మీద పడితే ఎలా ఉంటుందో అలాంటి పరీక్ష. హాకీ ప్రాక్టీసు, లెక్కల ట్యూషను రెండూ బుధవారం సాయంత్రమే పడ్డాయి. మా ఆవిడ "ఈ ఒక్క ఏడాదికి ఆ కర్ర పక్కన పెట్టమనండి" అంది. నేను హీనీని సాక్ష్యానికి పిలిచాను.

"ఆవిడకి నెలకి జీతమెంత?" అంది మా ఆవిడ.

అక్కడే చిక్కింది. ఆవిడ ఆడిన రోజుల్లో కెనడాలో ఆడవాళ్ళకి ఆట మీద బతికేంత జీతమిచ్చే లీగు లేదు. ఇప్పుడున్న పీడబ్ల్యూహెచ్ఎల్ మొదలైంది 2024 జనవరి 1న. అంటే ఆవిడ స్కేట్లు విప్పేసిన ఇరవై ఏళ్ళు దాటాక. ఆట మానేశాక వాటర్లూ యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకి కోచ్‌గా పనిచేసింది. నా సాక్షి నిలువునా అవతలి పక్షానికి వెళ్ళిపోయింది!

2018 ఆగస్టు 2న మా ఇంట్లో ఇలాంటిదే ఇంకో తగువు జరిగింది. లండన్‌లో హాకీ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, ఇండియాకీ ఐర్లండుకీ. మన జట్టులో రెండో గోల్ కీపరు ఏతిమరపు రజని, చిత్తూరు జిల్లా అమ్మాయి. నేనూ మా ఆవిడా సోఫాలో ఇండియా. చిన్నపిల్ల అయిన మా అమ్మాయి కింద తివాచీ మీద ఐర్లండు. 0-0 అయి, షూటౌట్‌లో ఐర్లండు 3-1తో గెలిచింది. అది ఎగిరి గంతేసి, మా ముఖాలు చూసి ఆగిపోయింది. "సారీ నాన్నా" అంది. ఆ సారీ నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. మరుసటి నెలలోనే దాన్ని ఊళ్ళో హాకీకి చేర్చింది మా ఆవిడే.

పోయిన అక్టోబరులో లర్గన్ వెళ్ళాం. మా ఇంటి నుంచి రెండు గంటల పైన. సరిహద్దులో గేటూ ఉండదు, పోలీసూ ఉండడు. కానీ ఇండియా పాస్‌పోర్టు ఉన్నన్నాళ్ళూ యూకే వీసా లేనిదే అటు వెళ్ళకూడదు కనుక, ఐరిష్ పాస్‌పోర్టు వచ్చేదాకా ఆ రోడ్డు మాకు మూసినట్టే. లర్గన్ ఒకప్పుడు నార బట్టకి పేరుమోసిన నేతగాళ్ళ ఊరు. చీరాలలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన నాకు ఆ మాట చాలు, చుట్టాలింటికి వెళ్ళినట్టుంది. వెడల్పాటి పెద్దవీధి, మధ్యలో గుడి, ఊరవతల పార్కులో చెరువు. మేం తిరిగిన చోట ఐస్ హాకీ ఆనవాలు ఒక్కటీ కనపడలేదు.

చెరువు గట్టున మా అమ్మాయి అడిగింది. "వాళ్ళు ఇక్కడే ఉండిపోయి ఉంటే ఆవిడ ఏమయ్యేది?"

"ఏమో. ఇంకేదో ఆడేదేమో."

"మరి మీరు చీరాలలోనే ఉండిపోయి ఉంటే నేను?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ మాత్రం చెరువు వైపు చూస్తూ, "వీణ" అంది. తెనాలిలో పదో తరగతి దాకా తను వీణ నేర్చుకుంది. ఎంసెట్ అయ్యాక మళ్ళీ మొదలుపెడదువుగాని అన్నారట ఇంట్లో. ఎంసెట్ అయింది, ఇంజనీరింగ్ అయింది, పెళ్ళయింది, ఐర్లండు అయింది. వీణ ఇంకా పుట్టింట్లో అటక మీదే ఉంది. ఇప్పుడు దింపినా శ్రుతి చెయ్యడం చేతకాదంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మాట నాకు చెప్పడం అదే మొదటిసారి.

తిరుగు ప్రయాణంలో న్యూరీ దాటాక, ట్యూషన్ మాస్టారికి తనే ఫోన్ చేసింది. ఇప్పుడు లెక్కలు ఆదివారం పొద్దున ఎనిమిదింటికి. మా అమ్మాయి మొహం మాడ్చుకునే లేస్తుంది, కానీ లేస్తుంది. బుధవారం సాయంత్రం దాన్ని మైదానంలో దింపేది, మళ్ళీ తెచ్చేది మా ఆవిడే. ఆ గంటన్నరా వానొచ్చినా కారులో కూర్చోదట, గొడుగేసుకుని గీత పక్కనే నిలబడుతుందట.